అర్హత ఉండాల్సింది ఆశ్రయానికి

శ్రీవైష్ణవుల్లో సుమారు ఏడు వందల ఏళ్లుగా తెగని వాదం ఒకటుంది. భగవంతుడు జీవుణ్ణి రక్షించాలంటే జీవుడి వైపు నుంచి ఏదైనా ఉండాలా, అక్కర్లేదా? ఉండాలంటుంది వేదాంత దేశికుల సంప్రదాయం. ఎంత చిన్నదైనా సరే, ఆయన దయ చూపడానికి ఒక వ్యాజం కావాలి, ఒక నెపం కావాలి. పిళ్లై లోకాచార్యుల సంప్రదాయం అక్కర్లేదంటుంది. ఆ దయకు కారణం వెతకడమే పొరపాటు అంటుంది. కోతిపిల్ల, పిల్లికూనల పోలిక ఇక్కడే వచ్చింది. కోతి కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతుంటే పిల్లే తల్లి పొట్టను గట్టిగా పట్టుకోవాలి. పట్టు సడలితే పడిపోతుంది. పిల్లికూనకు ఆ పని లేదు, తల్లే మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకుపోతుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని వీటికి పేర్లు.

కదిరిలో మా ఇంటి వసారాలో నాన్నగారు సాయంత్రాలు పిళ్లై లోకాచార్యుల శ్రీవచనభూషణం చదివి వివరిస్తూ కాలక్షేపం చేసేవారు. తెలుగు లిపిలో అచ్చయిన, తమిళ సంస్కృతాలు కలగలిసిన మణిప్రవాళం, పక్కన మణవాళ మామునుల వ్యాఖ్యానం. వినడానికి వచ్చేవాళ్లు వీధిలోని నలుగురైదుగురు పెద్దవాళ్లు. ఆ వయసులో నాకు ఈ వాదం నుదుటి నామం ఆకారం గురించిన తగాదాలకు మూలంగానే తెలుసు. మోక్షం ఎవరికి, ఎలా అన్నది చనిపోయాక తేలే విషయమనుకునేదాన్ని. ఇదే ప్రశ్న బతికున్న ఒక మనిషిని లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చే చోట, ఫారాలూ స్టాంపులూ ఉన్న బల్ల ముందు నాకు మళ్లీ ఎదురైంది. అక్రమ రవాణా నుంచి బయటపడిన స్త్రీలు ఉండే వసతి గృహంలో నేను చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. వాళ్లలో చాలామందికి తాగుడు అలవాటై ఉండేది. కొందరికి నిద్రమాత్రలు, కొందరికి దగ్గుమందు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

మా ప్రాంతం సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. అనంతపురం దేశంలోనే వానలు అతి తక్కువగా పడే జిల్లాల్లో ఒకటి. వేరుశనగ వేసి, వాన కోసం చూసి, అప్పు చేసి, పంట పోయి, మళ్లీ వేసి బతికిన నేల ఇది. 2022లో జిల్లాలు విడగొట్టాక కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, కరువు మాత్రం రెండు జిల్లాల్లోనూ ఉంది. ఈ మండలాల నుంచి ఆడపిల్లలను ముంబయికి, పుణెకు, ఢిల్లీకి తరలించిన కేసులు దశాబ్దాలుగా నమోదవుతూనే ఉన్నాయి. తీసుకుపోయేది చాలాసార్లు తెలిసిన మనిషే. ఇంటి పని అంటుంది, నెల జీతం అంటుంది, ముందుగా ఐదో పదో వేలు ఇంట్లో పెట్టి పోతుంది. ముంబయిలో కామాఠిపుర అన్న పేటకు ఆ పేరు వచ్చిందే తెలుగు నేల నుంచి కూలికి వెళ్లిన కామాఠీల వల్ల. మన చెమట పేరుతో వెలసిన పేటలోనే మన పిల్లలు అమ్ముడుపోయారు.

పుణె నుంచి వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఊరు, వయసు కూడా ఆనవాలు పట్టేలా చెప్పను. తాగుడు ఎట్లా మొదలైందని అడిగితే ఆమె అన్న మాట ఇది: "మొదట్లో వాళ్లే తాపిచ్చిరి అక్కా. వద్దంటే కొట్టిరి. తర్వాత నేనే అడుక్కుంటి." ఆ చోట్ల మద్యం ఊరికే పోయరు. భయంతో బిగుసుకుపోయిన కొత్త పిల్లను లొంగదీయడానికి పోస్తారు. ఒంట్లో నొప్పి తెలియకుండా ఇంకో మనిషిని లోపలికి పంపడానికి పోస్తారు. ఆ సీసా ఖరీదు ఆమె అప్పులోనే రాస్తారు. తిండి, చీర, గది అద్దె, మందు అన్నీ కలిసి ఆ అప్పు ఎప్పటికీ తీరదు. ఆమెను పట్టి ఉంచింది గది తాళం ఒక్కటే కాదు, ఈ అప్పూ ఈ సీసా కూడా. పోలీసులు వచ్చి తాళం తీశారు. సీసా పట్టు మాత్రం ఆమె ఒంట్లో అలాగే ఉండిపోయింది.

ఆమె వసతి గృహానికి వచ్చిన సాయంత్రానికే చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. తిన్నది కక్కింది. రాత్రి గోడ మీద ఏవో పాకుతున్నాయని కేకలు పెట్టింది. తోటివాళ్లు దెయ్యమన్నారు, వార్డెన్ నాటకమంది. తెల్లవారేలోపు మూర్ఛ వచ్చి నాలుక కొరుక్కుంది.

వైద్యం చదివినవాళ్లకు ఇందులో వింత ఏమీ లేదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల్లో వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి చెదిరి, లేనివి కనబడి, జ్వరం, గుండెదడ పెరిగే దశ వస్తుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు. చికిత్స ఖరీదైనదేమీ కాదు. క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ లోరాజెపామ్ గానీ మోతాదు చూసి ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ రావాలి. బి1 విటమిన్ అయిన థయమిన్‌ను గ్లూకోజ్ కంటే ముందే ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. కనిపెట్టి ఉండే నర్సు, ఒక మంచం కావాలి. ఈ కాస్త వైద్యం ఆమెకు అందడానికి ఏమేం అడ్డం వచ్చాయో చెప్పాలంటే నాన్నగారి పుస్తకంలోకి ఒకసారి వెళ్లాలి.

శరణాగతికి షరతులు ఏమిటన్న చర్చలో పిళ్లై లోకాచార్యులు ఒక్కొక్క నియమాన్నీ తీసి పక్కన పెడతారు. దేశ నియమం లేదు: పుణ్యక్షేత్రంలోనే చేయాలని లేదు. కాల నియమం లేదు: ముహూర్తం అక్కర్లేదు. ప్రకార నియమం లేదు: స్నానం చేసి, శుచిగా, ఒక పద్ధతిలోనే చేయాలని లేదు. అధికారి నియమం లేదు: ఎవరైనా చేయవచ్చు. ఫల నియమం లేదు: ఏది కోరి వచ్చినా రావచ్చు. ఇక మిగిలింది విషయ నియమం ఒక్కటే. అంటే ఎవరిని ఆశ్రయిస్తున్నామో ఆ ఆశ్రయానికి రక్షించే గుణం, శక్తి ఉండాలి. అర్హత పరీక్ష అంతా శరణు వేడేవాళ్ల మీంచి తీసి శరణు ఇచ్చేవాడి మీద పెట్టారు ఆయన. పద్నాలుగో శతాబ్దం నాటికే శ్రీరంగంలో ఈ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఆ ఐదు నియమాలూ మన వ్యవస్థలో ఎలా బతికి ఉన్నాయో నేను చూశాను.

దేశ నియమం: మంచాలున్న వ్యసన విముక్తి కేంద్రాలు పెద్ద ఊళ్లలో ఉంటాయి, వసతి గృహం ఒక చోట, కేసు నడిచే కోర్టు వేరే రాష్ట్రంలో. కాల నియమం: ఓపీ పొద్దున, మూర్ఛ అర్ధరాత్రి. హింసకు గురైన స్త్రీల కోసం ఉన్న వన్ స్టాప్ సెంటర్‌లో తాత్కాలిక వసతి ఐదు రోజుల వరకు. మద్యం ఒంట్లోంచి దిగడానికే దాదాపు అన్ని రోజులు పడుతుంది. ప్రకార నియమం: తాగి ఉన్న మనిషిని వసతి గృహంలోకి రానివ్వకూడదని మా గృహంలో నిబంధన. తాగుడు ఉంటే ముందు వ్యసన విముక్తి కేంద్రానికి వెళ్లి మానుకుని రండి అంటుంది ఈ గుమ్మం. ఉండటానికి ఇల్లు, వెంట మనిషి ఉంటే రండి అంటుంది ఆ గుమ్మం. ఫల నియమం: ఇక జన్మలో ముట్టనని రాసి సంతకం చేయాలి.

అధికారి నియమం అన్నిటికంటే గట్టిది. మేం వెళ్లిన ఒక కేంద్రంలో మంచాలన్నీ మగవాళ్లకే. ఇంకో చోట ఆధార్ అడిగారు. ఆమె ఆధార్ పుణెలో యజమానురాలి బీరువాలో ఉంది. మరో చోట అటెండరు కావాలన్నారు, భర్త గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలన్నారు. ఆమెను అమ్మినవాళ్లలో సొంత మనిషి ఉన్నాడని నేను నలుగురి ముందు చెప్పాల్సి వచ్చింది. ఆమె తల దించుకుంది. చివరికి ఒకాయన ఆమెను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడి, "పేషెంటుకు మోటివేషన్ లేదు మేడమ్, తనకే మానాలని లేకపోతే మేమేం చేస్తాం" అన్నారు.

ఆయన చెడ్డ మనిషి కాదు. ఆయన మాట వెనక కూడా ఒక తత్వం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. మనిషి సంకల్పం లేకుండా ఎవరూ ఎవరినీ బాగు చేయలేరు. ఇష్టం లేని మనిషిని కట్టేసి ఇచ్చిన చికిత్స నిలవదు. పట్టుకోమని అడగడంలో గౌరవం ఉంది. నువ్వు వస్తువు కాదు, కర్తవు అని చెప్పడం అది. దేశికుల పక్షానికి ఉన్న బలం ఇదే. కానీ దేశికులు అడిగిన నెపం ఎంత చిన్నదో కూడా గుర్తుంచుకోవాలి. గుమ్మం దాకా రావడమే ఆ నెపం అనుకోవడానికి ఆయన మతంలోనూ వీలుంది. వణికే చేతులతో, బస్సులో రెండుసార్లు వాంతి చేసుకుని, నా భుజం పట్టుకుని మెట్లెక్కిన మనిషిలో ఇంకే సంకల్పం వెతకాలి?

పైగా ఆమెలో దెబ్బతిన్నది సంకల్పమే. పదేపదే వద్దని, ఆ వద్దుకు పదేపదే దెబ్బలు తిన్న మనిషి చివరికి వద్దనడం, కావాలనడం రెండూ మరిచిపోతుంది. 'నాకు మానాలని ఉంది' అని గట్టిగా చెప్పగలగడం చికిత్సలో చాలా దూరం వచ్చాక దొరికే ఫలం. దాన్ని ప్రవేశ రుసుముగా అడిగితే, ఎముక అతుక్కున్నాకే కట్టు కడతామన్నట్టు ఉంటుంది.

ఎవరెవరు శరణాగతికి తగినవాళ్లో చెబుతూ పిళ్లై లోకాచార్యులు ఒక పట్టిక ఇస్తారు. అందులో ధర్మరాజు ఉన్నాడు, ద్రౌపది ఉంది, కాకి ఉంది, కాళియుడనే పాము ఉంది, గజేంద్రుడు, విభీషణుడు ఉన్నారు, సాక్షాత్తూ రాముడూ లక్ష్మణుడూ ఉన్నారు. ఆ పట్టికను నేను ఆసుపత్రుల వరండాల్లో చాలాసార్లు మనసులో చదువుకున్నాను.

ద్రౌపది ఒంటి వస్త్రంతో, నెలసరిలో, స్నానం లేకుండా సభలోకి ఈడ్వబడింది. ఆ స్థితిలోనే పిలిచింది. స్నానం చేసి రా అని ఎవరూ అనలేదు. ఇక కాకి. సీతను గాయపరిచిన ఆ కాకి రాముడి అస్త్రానికి భయపడి మూడు లోకాలూ తిరిగింది, ఎవరూ చోటివ్వలేదు. తిరిగి వచ్చి రాముడి ముందే పడింది. అది పశ్చాత్తాపంతో రాలేదు, వెళ్లడానికి ఇంకెక్కడా లేక వచ్చింది. దాన్ని కూడా శరణాగతిగానే లెక్క వేసింది ఆ సంప్రదాయం. ఇంకెక్కడా చోటు లేకపోవడం కూడా ఒక అర్హతే అన్నమాట.

ఇక రాముడు. లంకకు దారి ఇవ్వమని సముద్రుణ్ణి వేడుకుంటూ దర్భల మీద మూడు రాత్రులు పడుకున్నాడు. సముద్రుడు రాలేదు. ఈ కథలో లోపం ఎక్కడుంది? వేడుకున్నవాడిలో పట్టుదల చాలలేదని ఏ వ్యాఖ్యాతా అనడు. ఆశ్రయానికి ఆ గుణం లేదు, విషయ నియమం తప్పింది అంటారు. పుణె నుంచి వచ్చిన ఆమె చేతులు వణుకుతూ బెంచీ మీద కూర్చున్న పూట ఏ కాగితం మీదా ఆ మాట రాయలేదు. మోటివేషన్ లేదని ఆమె పేరు పక్కనే రాశారు.

ఇంత చెప్పాక పిల్లి వైపు నుంచి వచ్చే ప్రమాదం గురించి కూడా నిజాయితీగా మాట్లాడాలి. పిల్లి తన కూనను కరిచేదీ ఎలుకను కరిచేదీ ఆ పళ్లతోనే. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం, 17వ సెక్షన్ కింద, దాడిలో దొరికిన స్త్రీని మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ల దాకా రక్షణ గృహంలో ఉంచమని ఆదేశించవచ్చు. రక్షణ అన్న పేరుతో తాళం వేసిన గదులు నేను చూశాను. బజారు గది నుంచి ప్రభుత్వ గదిలోకి వచ్చిన మనిషి "ఆడ తాళం, ఈడా తాళమే కదక్కా" అంటే జవాబు చెప్పడం కష్టం. మత్తు మాన్పిస్తామని కొట్టే ప్రైవేటు కేంద్రాలూ ఉన్నాయి. ఆ పద్ధతి ఆమెకు కొత్త కాదు, అంతకు ముందు సీసాను అలవాటు చేసిందీ కొట్టే.

సుప్రీంకోర్టు ఈ విషయాన్ని పట్టించుకుంది. కోల్‌కతాలో 1999లో జరిగిన ఒక సెక్స్ వర్కర్ హత్య కేసులో నిందితుడి అప్పీలును 2011లో కొట్టేస్తూ, అంతటితో ఆగకుండా ఈ స్త్రీల పునరావాసాన్ని ప్రజాప్రయోజన వ్యాజ్యంగా మార్చింది. అదే బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసు. దానిలో 2022 మే 19న ఇచ్చిన ఆదేశాల్లో రెండు మాకు చాలా ముఖ్యమైనవి. ఇష్టానికి విరుద్ధంగా రక్షణ గృహాల్లో ఉన్న వయోజన స్త్రీలెవరో సర్వే చేసి, వారి విడుదల చూడాలన్నది ఒకటి. చిరునామా రుజువు లేకపోయినా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) లేదా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ఇచ్చే ధ్రువీకరణ మీద ఆధార్ ఇవ్వాలన్నది రెండోది.

తల్లి నోటికీ వేటనోటికీ తేడా ఎలా తెలుస్తుంది? దించిన చోట తెలుస్తుంది. కూనను దించేది దాని కళ్లు తెరుచుకునే చోట, తన కాళ్ల మీద నడవడం మొదలయ్యే చోట. ఎత్తుకోవడానికి అనుమతి అడగలేని క్షణాలు ఉంటాయి, మూర్ఛలో ఉన్న మనిషిని అడిగి అంబులెన్సు పిలవం. కానీ మతి తేరిన క్షణం నుంచి ప్రతి మాత్రా చెప్పి ఇవ్వాలి, ప్రతి సంతకం ఆమెదే కావాలి, తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి. దయకు షరతు ఉండకూడదు. దయ చూపే సంస్థకు షరతులు ఉండి తీరాలి. విషయ నియమాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా.

మన ఊహలో ఇంకో అడ్డం కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తెలుగు ఆడవాళ్ల చరిత్రలో గొప్ప ఘట్టం. దాన్ని ముందుండి నడిపిన రోశమ్మ పేరు మా తరానికి ధైర్యం. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం ఆ ఆడవాళ్ల పోరాట ఫలితమే. ఆ ఉద్యమం ఇచ్చిన చిత్రంలో తాగేవాడు మగవాడు, దెబ్బలు తినేది ఆడది. ఆ చిత్రం అబద్ధం కాదు. 2019లో ఎయిమ్స్ నిపుణులు కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చిన జాతీయ సర్వే నివేదిక ప్రకారం మద్యం తాగే మగవాళ్లు 27.3 శాతం, ఆడవాళ్లు 1.6 శాతం. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని కూడా అదే సర్వే చెప్పింది. వార్డులు, ఫారాలు, కుటుంబ కౌన్సెలింగు అన్నీ తాగే భర్తను, వెంట వచ్చే భార్యను ఊహించుకునే తయారయ్యాయి. తాగే ఆడమనిషి ఆ బొమ్మలో లేదు. దెబ్బలు తిన్నదీ తనే, తాగుతున్నదీ తనే అయిన మనిషిని చూస్తే జాలి పడాలో అసహ్యపడాలో ఊరికి తెలియదు. చాలాసార్లు ఊరు అసహ్యాన్నే ఎంచుకుంటుంది.

మత్తు దిగేటప్పుడు వచ్చే బాధ జబ్బేనని మనకు తెలియక కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో తెలంగాణలో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు, కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు వణుకుతూ, మూర్ఛలతో, మతి చెదిరి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి బారులు తీరారు. చేర్చుకుని మందులిచ్చారు. ఆ వైద్యం, ఆ వైఖరి మనకు చేతనవును. ఈ స్త్రీల దగ్గరకు వచ్చేసరికి గుణం గురించిన ప్రశ్న ముందుకు వస్తుంది.

చెర నుంచి వచ్చిన స్త్రీని గుమ్మం దగ్గర నిలబెట్టి పరీక్ష అడగడం మనకు రామాయణంలో సీత నాటి నుంచీ ఉన్న పాత అలవాటు. కానీ అదే రామాయణాన్ని నాన్నగారి పుస్తకం చదివిన తీరు వేరు. రామాయణం ముఖ్యంగా చెప్పేది చెరలో ఉన్న ఆమె గొప్పతనాన్ని అంటారు పిళ్లై లోకాచార్యులు. చెరలో పడినందుకు ఆమె తగ్గలేదు, చెరలో ఉండే ఇతరులను రక్షించింది. తనను హింసించిన రాక్షస స్త్రీలను చంపుతానన్న హనుమంతుణ్ణి ఆపింది ఆమే. జీవుడికీ భగవంతుడికీ నడుమ నిలబడి, అర్హత చూడవద్దు అని జీవుడి పక్షాన మాట్లాడే ఆ పాత్రను పురుషకారం అంటారు. కౌన్సెలర్ ఉద్యోగానికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. మా వసతి గృహంలో ఆ పని నాకంటే బాగా చేసింది ముందుగా వచ్చి కుదురుకున్న స్త్రీలే. కొత్తగా వచ్చిన మనిషి రాత్రి వణుకుతుంటే దెయ్యం కాదు, మందు దిగుతోందని గుర్తుపట్టి, నీళ్లు తాగించి, పక్కన కూర్చున్నది వాళ్లు. వాళ్లకు జీతంతో, శిక్షణతో ఆ పని అప్పగిస్తే ఏ పథకమూ పెట్టలేని కాపలా పెట్టినట్టవుతుంది.

పుణె నుంచి వచ్చిన ఆమెను చివరికి ఒక ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చేర్చుకున్నారు. ఆ డాక్టరమ్మ చట్టం చదివిన మనిషి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగం వల్ల వచ్చే స్థితులు కూడా ఉన్నాయి. 18వ సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్య సేవలను అందరికీ హక్కుగా ఇచ్చింది. 86వ సెక్షన్ ప్రకారం తనంతట తాను వచ్చి చేర్చుకోమని అడిగే వయోజన రోగికి బంధువు సంతకం గానీ, అటెండరు గానీ అక్కర్లేదు. ఇన్నాళ్లూ మేం చట్టమనుకున్నది వట్టి ఆనవాయితీ అని ఆ రోజు తెలిసింది. డాక్టరమ్మ ఫారం ముందు పెట్టి, "నీ సంతకం చాలమ్మా" అంది. ఆమె వేలిముద్ర వేయబోయి ఆగి, కలం అడిగి, వంకరటింకరగా పేరు రాసింది.

తర్వాత? సాక్ష్యం చెప్పడానికి పుణె వెళ్లి వచ్చిన వారంలోనే మళ్లీ తాగింది. అమ్మినవాడిని ఎదురుగా చూసి వచ్చాక తాగకుండా ఉండటం ఎంత కష్టమో ఎవరైనా ఊహించగలరు. నిబంధన ప్రకారం వసతి గృహం నుంచి పంపేయాలి. అలా పంపకుండా చూసుకోవడానికి చాలా మాట్లాడాల్సి వచ్చింది. శరణాగతి చేసినవాడు మళ్లీ తప్పు చేస్తే బయటికి తోయాలని రెండు సంప్రదాయాల్లో ఏదీ అనదు. భగవంతుడు ఆ దోషాన్ని చూడనట్టే ఉంటాడని ఒకటి, ఆ దోషంతో సహా దగ్గరకు తీసుకుంటాడని రెండోది. వైద్యంలో నేను రెండో మాట వైపు. తాగిందన్న సంగతి చూడనట్టు నటిస్తే మందు ఇవ్వలేం. చూసి, తెలిసి, రక్తపోటు చూసి, మాత్ర ఇచ్చి, పక్క వేసి పడుకోబెట్టాలి. ఇప్పుడు ఆమె హిందూపురం వైపు ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పూర్తిగా మానేసిందా అని అడుగుతారు. నెలల తరబడి ముట్టదు, ఒక్కోసారి పడిపోతుంది. పడితే మర్నాడు ఎవరూ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్తుంది. ఏ గుమ్మం తెరిచి ఉంటుందో ఆమెకు తెలుసు. ఆమె సంకల్పం అలా తిరిగి వచ్చింది, చికిత్సకు ముందు రాలేదు.

చేయాల్సినవి నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇలాంటి స్త్రీల కోసం పెట్టిన ఉజ్జ్వల, స్వధార్ గృహాలను కలిపి ఇప్పుడు శక్తి సదన్‌లు అంటున్నారు. వాటిలో తాగుడు నిషేధం బదులు తాగుడు వైద్యం ఉండాలి: వారానికి కొన్నిసార్లు వచ్చే డాక్టరు, రాత్రి ఉండే నర్సు, మూర్ఛ వస్తే ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద రాసి ఉండటం. ప్రతి జిల్లా ఆసుపత్రి వ్యసన విముక్తి వార్డులో ఆడవాళ్లకు మంచాలు, పిల్లలతో వస్తే పిల్లలకూ చోటు. బాధితురాలి పరిహారం దరఖాస్తును, ఆధార్ పనిని, చికిత్సను ఒకే మనిషి చేతిలో పెట్టాలి. మళ్లీ తాగడాన్ని బహిష్కరణకు కారణంగా రాసిన ప్రతి నిబంధననూ కొట్టేయాలి. మత్తు సమస్యలకు 14446, మహిళలకు 181 ఉన్నాయి. రెండు నంబర్ల వెనక కూర్చున్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఫోన్ చేసే మనిషి ఒక్కరే.

ఇవన్నీ పరిపాలన సంగతులుగా కనిపిస్తాయి. నాకు మాత్రం ఇవి మత విషయాలే. దేవుడి దయకు హద్దులు లేవని పాడుకునే సమాజం ఒక మంచానికి ఇన్ని హద్దులు పెట్టుకుంటే, ఆ పాట మీద దానికి నమ్మకం లేదని అర్థం. కదిరిలోనూ యాదగిరిగుట్టలోనూ మనం మొక్కేది నరసింహుడికి. పిల్లవాడు చూపించిన స్తంభంలోంచి, పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడప మీదికి వచ్చినవాడు ఆయన. ఆ యాదగిరిగుట్టలోనే 2018లో వ్యభిచార గృహాల నుంచి పసిపిల్లలను పోలీసులు బయటికి తెచ్చారు. త్వరగా ఎదగడానికి వాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారన్న ఆరోపణపై ఒక వైద్యుణ్ణి అరెస్టు చేశారు. గుడి ఉన్నంత మాత్రాన ఊరు ఆశ్రయం కాదు. ఆశ్రయం అవునో కాదో ప్రతిసారీ రుజువు చేసుకోవాలి.

కాబట్టి మన తనిఖీలన్నీ దిక్కు మార్చుకోవాలి. వచ్చిన స్త్రీకి సంకల్పం ఉందా, శుచి ఉందా, కాగితాలున్నాయా, వెంట మగవాడున్నాడా అని అడగడం ఆపాలి. గృహానికి నర్సు ఉందా, వార్డులో ఆమెకు మంచం ఉందా, తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా, రెండోసారి పడినా చేర్చుకుంటుందా అని అడగాలి. జవాబు లేదని వస్తే, ఆమె కాగితం మీద కాదు, ఆ సంస్థ కాగితం మీద రాయాలి: అర్హత లేదు అని.